పైన పదహారు

రూపాయల్లో కూడా ఎక్కువ తక్కువలుండేవి ఆ రోజుల్లో. నిజాం సర్కారు కొట్టించేది సిక్కా రూపాయి. కోదాడ దాటి పోతే ఇంగ్లీషువాళ్ల ఏలుబడి, అక్కడ నడిచేది కల్దారు రూపాయి. దీనికీ పదహారణాలే, దానికీ పదహారణాలే. కానీ సరిహద్దు దగ్గర పక్కపక్కన పెడితే సిక్కా చిన్నబోయేది. నూరు కల్దార్లకు నూటపదహారు సిక్కాలు, పైన పదణాల చిల్లర. ఈ లెక్క ఆ తాలూకాల్లో పశువులు కాసేవాడికి కూడా వచ్చు. తెలిసి తెలియనట్టు ఉండడం మాత్రం అందరికీ చేతకాదు. దానికి జానయ్యలాంటి పెద్దమనిషి కావాలి.

జానయ్య సైదమ్మకు బావ, మొగుడు మల్సూరుకు స్వయానా అన్న. నేరేడుచర్లలో రెండరకల వ్యవసాయం, పెంకుటిల్లు, ఊళ్లో సగం మందికి చేబదుళ్లు. నుదుట విభూతి, నోట్లో తమ్ముడి మీద ప్రేమ. ఆ ప్రేమ ఖరీదే నూటపదహారు రూపాయలు.

ఆ అప్పు కథ వింటే ముందు నవ్వొస్తుంది, తర్వాత ఒళ్లు మండుతుంది. నాలుగేళ్ల కిందట ముసలి మామ చనిపోతే దినాలు చేశారు. ఊరంతా తిన్నది, తాగింది. ఖర్చు రెండు వందల ముప్పైరెండు రూపాయలైందని జానయ్య చెప్పాడు. లెక్క ఎవరూ అడగలేదు. తిన్న నోరు ఏం అడుగుతుంది? అందులో సగం తమ్ముడి వాటా అని, నూటపదహారుకు కాగితం రాయించి మల్సూరు చేత వేలిముద్ర వేయించాడు. పెళ్లిళ్లలో చదివించే శుభమైన అంకె అది. శుభమంతా జానయ్య ఇంటికే పోయింది. డబ్బు తీరేదాకా వడ్డీ కింద తమ్ముడు తన దగ్గర పని చేయాలన్నాడు. నాలుగేళ్లు మల్సూరు అన్న నాగలి దున్నాడు, అన్న గొడ్ల పేడ ఎత్తాడు, అన్న చేనుకు కాపలా పడుకున్నాడు. అసలులో ఒక్క రూపాయి తరగలేదు.

అదే దొర అప్పయితే వెట్టికి ఎదురు నిలిచిన సంఘంవాళ్లు వచ్చి కాగితం చింపించేవాళ్లు. అన్నదమ్ముల పంచాయితీకి ఏ జెండా రాదు.

ఆ వైపు ఉగాదికి జీతగాళ్ల సంవత్సరం మారుతుంది. ఉగాది నాడు పొద్దు గూకేలోగా అసలు కట్టేస్తే మల్సూరు తన మనిషి. కట్టకపోతే ఇంకో ఏడాది అన్న మనిషి. పోయిన ఉగాదికి సైదమ్మ ఈ మాటే అడిగితే జానయ్య మీసం దువ్వుకుంటూ, "గట్లనే గానియ్, నువ్వే కట్టి ఇడిపించుకపో," అని పదిమందిలో నవ్వాడు. ఆ నవ్వు ఆమె కడుపులో పడ్డ నిప్పు. భాద్రపదంలో కొంగు బిగించి సరిహద్దు దాటింది. ముందు పొగాకు నాట్లు, తర్వాత పత్తి, ఆఖర్న మిరప. మిరప చేలల్లో చేతులు మండి రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. అరచేతులకు ఆముదం రాసుకుని, ఆ మంటలోనే బావ మొహం తలుచుకుని తెల్లవార్లూ తిట్టుకునేది. రోజుకు పదణాలు. తిండికి పోను ఏడు నెలలకు నూరు కల్దార్లు మిగిలాయి. ఇంగ్లీషువాళ్లు మూటాముల్లె సర్దుకుంటున్నారని ఆ చేలల్లో అందరూ చెప్పుకునేవాళ్లు. పోతేపోనీ, తన నూరు రూపాయలు చెల్లేదాకా ఉంటే చాలనుకుంది సైదమ్మ.

ఎందుకంటే ఆమె లెక్కంతా ఆ పైన పదహారు మీదే ఉంది. నూరు సంపాదిస్తే చాలు, సరిహద్దు దాటి ఇవతల అడుగు పెట్టేసరికి అది నూటపదహారవుతుంది. పేదోళ్లకు వడ్డీ కట్టడమే గాని వడ్డీ రావడం ఎక్కడైనా ఉందా? ఆమెకు వస్తోంది. కోదాడ సరిహద్దు నాకా దగ్గర జవాను మూట విప్పించి, ఇంటికని తెచ్చుకుంటున్న ఎండుమిరపకాయల్లో సగం తీసుకున్నా ఆమె నోరెత్తలేదు. రూపాయలు రొండిన భద్రంగా ఉన్నాయి. కోదాడ సావుకారు ఒకడు మార్చి పెడతానని వెంటపడ్డాడు గాని ఇవ్వలేదు. మార్చినందుకు బట్టా కింద రెండో మూడో కోస్తాడు. ఎందుకు కోయించుకోవాలి? నూరు కల్దార్లూ తీసుకెళ్లి బావ ముందు పోస్తే సరిపోతుంది. ఆయనకు లెక్క తెలియదా?

తెలుసు. తెలిసినవాడితోనే చిక్కు.

ఉగాది ముందరి అమావాస్య నాడు పొద్దున్నే ఊరు చేరింది. కాళ్లు కూడా కడుక్కోకుండా జానయ్య ఇంటికి నడిచింది. దారిలో అబ్రహాం పంతుల్ని వెంటబెట్టుకుంది. ఆయన మిషను బడి పంతులు, ఊళ్లో కాగితాలు రాసేదీ చదివేదీ ఆయనే. మల్సూరు వేలిముద్ర వేసిన కాగితం రాసింది కూడా ఆయనే. ఆమె నడక చూసి ఇంకో నలుగురు వెనకాల వచ్చారు. తగాదా వాసన తగిలితే మన ఊళ్లలో పిలుపు అక్కర్లేదు.

జానయ్య అరుగు మీద కూర్చుని పండుగకు తెచ్చిన కొత్త చింతపండు పీచు తీస్తున్నాడు. మల్సూరు కొట్టం దగ్గర ఎడ్లకు నీళ్లు పెడుతున్నాడు. ఏడు నెలల తర్వాత పెళ్లాం కనపడితే బకెట్టు కింద పెట్టి అన్న వైపు చూశాడు.

"వచ్చినవా సైదమ్మా? మంచిగ పండగ పూటకొచ్చినవ్," అన్నాడు జానయ్య.

"పండగకు రాలే బావా. కాయితానికొచ్చిన."

తోడికోడలు లచ్చమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. "ఏడు నెలలు ఊరుగాని ఊర్ల ఉండొచ్చింది. గీ రూపాయిలు ఎట్లొచ్చినయో ఎవలకెరుక," అంది, ఎవరితోనో అన్నట్టు.

"మిరపకాయలు ఏరితె వచ్చినయక్కా. గీ చెయ్యి జర నీ కంట్ల పెట్టనీ, ఎట్లొచ్చినయో నీకే ఎరుకైతది," అంది సైదమ్మ. లచ్చమ్మ గడప లోపలికి జరిగింది.

సైదమ్మ రొండిన మూట విప్పి రూపాయలు అరుగు మీద పోసింది. అంత వెండి ఒక్కసారి మోగేసరికి చుట్టూ నిలబడ్డవాళ్లు ఒకడుగు ముందుకు జరిగారు. జానయ్య ఒక్కొక్కటే తీసి, రాతి మీద వేసి మోగించి, పది పదిగా పేర్చాడు. పది దొంతరలయ్యాయి. పదకొండో దొంతర కోసం చూస్తున్నట్టు అరుగంతా తడిమాడు.

"నూరే ఉన్నయి," అన్నాడు.

"కల్దార్లు బావా. నూటపదారు సిక్కాల మీద పదణాలైతది. పదణాలు నువ్వే ఉంచుకో."

"కల్దారేంది, సిక్కా ఏంది? నాకు గా లెక్కలు రావు. పంతులూ, కాయితం సదువు."

అబ్రహాం కాగితం చదివాడు. "అక్షరాలా నూటపదహారు రూపాయలు" అన్న చోట ఆయన గొంతు తగ్గింది. మళ్లీ చూశాడు. కాగితం తిప్పి వెనక కూడా చూశాడు. రూపాయలని ఉంది గాని సిక్కా అని లేదు, కల్దారు అని లేదు.

"నేనే మర్శిన," అన్నాడు, చెమట తుడుచుకుంటూ. "మన ఊర్ల సిక్కా తప్ప యేరే రూపాయి ఏడున్నదని రాయలే. రూపాయంటె సిక్కానే గద జానయ్యా, ఎవలనడిగినా జెప్తరు."

ఎవరూ చెప్పలేదు. అక్కడున్న నలుగురిలో ముగ్గురు జానయ్యకు బాకీ. ఒకాయన ఆకాశం చూశాడు, ఒకాయన తన తలపాగా సరిచేసుకున్నాడు. మూడో ఆయనకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

"కాయితం మీద ఏముంటె గదే," అన్నాడు జానయ్య. "రూపాయి అన్నది. రూపాయికి రూపాయే. నూరు ముట్టినయి, ఇంక పదారు తక్కువ. రేపు పొద్దుగూకెదాక యాళ్లున్నది. తమ్ముడు నాకు బరువా? ఇంకో ఏడాది ఉంటడు, ఏమైతది?"

చూశారా వాడి లెక్క! నూటపదహారు విలువ చేసే వెండి ముందే చేతికొచ్చింది. దాని మీద ఇంకో పదహారు, లేకపోతే ఇంకో ఏడాది తమ్ముడి రెక్కలు. తండ్రి దినాల మీద ఇంత సంపాదించినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

సైదమ్మ మొగుడి వైపు చూసింది. ఒక్క మాట అంటాడేమో, కనీసం దగ్గుతాడేమో అని. మల్సూరు ఎద్దు మెడ నిమురుతూ నిలబడ్డాడు. ఆ క్షణంలో బావ మీద కన్నా ఆయన మీదే ఆమెకు ఎక్కువ మండింది. వంగి పది దొంతరలూ రెండు చేతులతో దోసి కొంగులో వేసుకుంది.

"గవెందుకు దీస్తవ్? నూరు ఈడ పెట్టి పదారు తెచ్చియ్యి," అని జానయ్య చెయ్యి చాపాడు.

"ముట్టకు. ఒక్క మాట జెప్పు ముందుగాల. రూపాయికి రూపాయే అన్నవ్. రేపు ఏ రూపాయి దెచ్చినా తీస్కుంటవా? సైదులు సాచ్చిగ జెప్పు."

జాన్‌పహాడ్ సైదులంటే ఆ చుట్టుపక్కల హిందువూ తురకా అందరికీ భయం భక్తి. జానయ్య పేరు, సైదమ్మ పేరు ఆ దర్గా మొక్కులతో పుట్టినవే. అక్కడి ఒట్టు తప్పితే ఇల్లు నిలవదంటారు. జానయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. ఇందులో తనకు పోయేదేమీ కనపడలేదు.

"సైదులు సాచ్చి. రూపాయి మొఖం సూడ, లెక్కనే సూస్త. నూటపదారు దే, కాయితం నీ చేతుల పెడ్త."

పంతులు విన్నాడు, నలుగురూ విన్నారు. సైదమ్మ మంచినీళ్లు కూడా తాగకుండా మిర్యాలగూడ దారి పట్టింది. ఎనిమిది కోసుల దూరం. వెనక నుంచి మల్సూరు "సైదీ" అని పిలిచినట్టు అనిపించింది. తిరిగి చూడలేదు.

ఫాల్గుణం ఆఖరి ఎండ. దారి పొడుగునా ఆమె నోరు ఊరుకోలేదు. బావను తిట్టింది, అత్తింటి ఏడు తరాల్నీ తిట్టింది, దినాల నాడు తాను కూడా రెండు ముక్కలు తిన్నందుకు తన నోటినీ తిట్టుకుంది. మిర్యాలగూడ బజారు చేరేసరికి పొద్దు వాలింది. రూపాయలు మార్చే సేటు కొట్టు ముందు అప్పటికే ఒక మనిషి ఉన్నాడు. తెల్లటి గడ్డం, భుజాన రుమాలు, పక్కన ఖాళీ గోనె సంచుల కట్ట.

"నూరు కల్దార్లు గావాలె సేటూ. రేపు గుంటూరు పోతున్న, మిరపకాయ కొనాలె. గాడ సిక్కా ముట్టరు," అంటున్నాడా మనిషి.

"నూటిరవై సిక్కాలు," అన్నాడు సేటు, తలెత్తకుండా.

"సర్కారు లెక్క నూటపదారే గద?"

"సర్కారు కాడికే పో మస్తాన్ సాబ్."

మస్తాన్ సాబ్ రుమాలు దులిపి, పొద్దున కోదాడలో చూసుకుంటానని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. సైదమ్మ ముందుకొచ్చి మూట విప్పింది. సేటు కల్దార్లు చూశాడు, ఆమె చిరుగు చీర చూశాడు, వాలుతున్న పొద్దు చూశాడు.

"నూటెనిమిదిస్త."

"ఏంది! గిప్పుడే గద గా సాబుకు నూటిరవై అంటివి?"

"అమ్మేది యేరు, కొనేది యేరు. ఇస్తె ఇయ్యి, లేకుంటె పో. ఇంకో గడియైతె దీపం పెడ్త. దీపం పెట్టినంక మా కొట్ల నుంచి పైస బయటికి పోదు. రేపు పండగ, రేపూ పోదు."

పండుగా దీపమూ లక్ష్మీ, అన్నీ లేనివాళ్ల గొంతు మీదే కూర్చుంటాయి. సైదమ్మ వేళ్ల మీద లెక్క వేసింది. నూటెనిమిది తీసుకుంటే ఎనిమిది తక్కువ. ఎనిమిది రూపాయలకు ఏడాది. సేటు ప్రమిదలో ఒత్తి వేయడం మొదలుపెట్టాడు, ఆమెను తొందరపెట్టడానికే. ఆ ఒత్తి చూస్తుంటే ఆమెకు ఒక సంగతి తట్టింది. వీడు నా దగ్గర నూటెనిమిదికి కొని, రేపో మాపో ఆ సాబుకు నూటిరవైకి అమ్ముతాడు. నడుమ పన్నెండు. వీడు నడుమ లేకుంటే?

"దీపం పెట్టుకో సేటూ. నీ లచ్చిమి నీకాన్నే ఉండనీ," అని మూట కట్టి లేచింది.

మస్తాన్ సాబ్ మోటారు ఆగే చోట సంచుల కట్ట మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని ఏ ఉపోద్ఘాతం లేకుండా మూట విప్పింది.

"నూరు కల్దార్లున్నయి సాబ్. సూస్కో."

సాబు బీడీ పారేశాడు. రెండు మూడు తీసి మోగించాడు. "నూటపన్నెండిస్తనమ్మా," అన్నాడు.

"నీకు సేటు ఎంత అన్నడో నేను ఇన్న. నూటిరవై. నాకు నూటెనిమిది అన్నడు. నూటపద్దెనిమిదియ్యి. నీకు రెండు మిగుల్తయి."

"కోదాడల గింతకన్న తక్కువకు దొర్కుతయి."

"దొర్కుతె పొద్దుగాల్దాక గీడెందుకు కూసుంటవ్? నాకు ముందే కడుపు మండుతున్నది సాబ్, గీశిగీశి మాట్లాడకు. నువ్వు కొనబోయే మిరపకాయలు నాసొంటిదే ఏరింది. సూడు." అరచేతులు చాపింది. ఎర్రగా, తోలు లేచి ఉన్నాయవి.

మస్తాన్ సాబ్ ఆ చేతుల వైపు రెండోసారి చూడలేదు. నడుముకు కట్టుకున్న సంచి విప్పి నూటపద్దెనిమిది సిక్కాలు లెక్కపెట్టాడు. జాలిపడి కాదు, నూటిరవై ఇవ్వాల్సిన చోట రెండు మిగిలాయి కాబట్టి. జాలి ఆమె అడగనూ లేదు.

ఆ రాత్రి సత్రం అరుగు మీద మూట కడుపు కింద పెట్టుకుని పడుకుంది. కోడి కూతకు లేచి నడిచింది. పండుగ నాడు ఎదురొచ్చిన బండ్లవాళ్లు ఎక్కడికమ్మా అని అడిగితే, మొగుణ్ని కొనుక్కోవడానికి అని చెప్పింది. వాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు.

మధ్యాహ్నం దాటాక ఊరు చేరింది. ఇంకా చాలా పొద్దుంది. జానయ్య అరుగు మీద పండుగ బువ్వ తిన్న జనం ఆకువక్క నములుతున్నారు. అబ్రహాం పంతులున్నాడు, చెప్పులు కుట్టే ఏసుపాదం ఓ పక్కన నిలబడ్డాడు. సైదమ్మ ఎవరినీ పలకరించకుండా నూటపదహారు సిక్కాలు అరుగు మీద పోసింది. మిగిలిన రెండూ కొంగున ముడేసుకుంది.

జానయ్య లెక్కపెట్టాడు. పదకొండు దొంతరలు, ఆరు రూపాయలు. మొహం మాడింది. "కల్దార్లేవి?" అన్నాడు, అప్రయత్నంగా.

"కల్దారేంది, సిక్కా ఏంది బావా? నీకు గా లెక్కలు రావంటివి. రూపాయికి రూపాయే. సైదులు సాచ్చి."

ఎవరో కిసుక్కుమన్నారు. నిన్న దగ్గొచ్చిన పెద్దమనిషే. జానయ్య కాగితం తెచ్చి పంతులు చేతిలో పెట్టాడు, పంతులు అక్కడికక్కడే నాలుగు ముక్కలు చేశాడు. ఏడు నెలలుగా గుండె మీద ఉన్న బండ దిగినట్టయింది సైదమ్మకు.

"నడువయ్యా, ఇంటికి పోదం," అని మొగుడి కోసం చూసింది.

మల్సూరు కొట్టం నుంచి వచ్చాడు. కిర్రు కిర్రుమని చప్పుడైంది. ఆయన కాళ్లకు కొత్త చెప్పులున్నాయి, నూనె పట్టించి నిగనిగలాడుతూ.

సైదమ్మ ఆ చెప్పులు చూసింది. ఆ తర్వాత బావ మొహం చూసింది. వాడు నవ్వుతున్నాడు.

ఆ ఊళ్లలో ఉగాది నాడు ఆసామి ఇచ్చిన చెప్పులు తొడుక్కుంటే, మళ్లీ ఉగాది దాకా జీతం ఒప్పుకున్నట్టే. దానికి కాగితం ఉండదు, వేలిముద్ర ఉండదు. ఊరు చూస్తే చాలు.

"అప్పు తీరింది, మంచిగైంది," అన్నాడు జానయ్య. "ఇది యేరే ముచ్చట. పొద్దుగాల తమ్ముడు నా చేతుల మీదికెల్లి చెప్పులు తీస్కున్నడు. ఊరంత తిరిగిండు. ఏడాది జీతం ఒప్పుకున్నడు."

"అన్నా, పండగ గద, తమ్మునికి అన్న పెట్టినట్టు తొడుక్కో అంటివి!" అన్నాడు మల్సూరు. గొంతు పిల్లాడి గొంతయింది. "నాలుగేండ్ల సంది ఒక్క జత ఇయ్యకపోతివి. తమ్మునివి, జీతగానివా అంటివి. గందుకే నేను..."

అదీ సంగతి. నాలుగేళ్లు చెప్పులు ఎగ్గొట్టడానికి తమ్ముడన్నాడు. ఇవాళ చెప్పులు తొడగడానికీ తమ్ముడే అన్నాడు. మల్సూరు తెలియక తొడుక్కోలేదు. అన్న మొదటిసారి ఏదో పెట్టాడని మురిసిపోయి తొడుక్కున్నాడు. తోడబుట్టినవాడు తప్ప ఈ పొరపాటు ఇంకెవడూ చేయడు. సైదమ్మకు అరవాలనిపించింది. ఆ కొత్త చెప్పులతోనే ముందు బావను, తర్వాత మొగుణ్ని వాయించాలనిపించింది. అబ్రహాం తలవంచుకున్నాడు. "రివాజు రివాజే గదమ్మా," అన్నాడు మెల్లగా.

సైదమ్మ మొగుడి కాళ్ల దగ్గర కూర్చుంది. చెప్పు పట్టీ వేలితో లాగి చూసింది. కుట్టు తడిమింది.

"మంచిగనే ఉన్నయి," అంది. "తోలు గట్టిది. తమ్మునికి నాసిరకంవి పెట్టినవేమొ అనుకున్న."

"నాసిరకంవా!" జానయ్యకు పౌరుషం వచ్చింది. "ఏసుపాదానితోని చెప్పి కుట్టిచ్చిన. గిసొంటివి ఊర్ల ఎవలకున్నయో సూపియ్యి."

"ఎంత పడ్డయేంది బావా?"

"రెండు రూపాయిలు!" అన్నాడు జానయ్య, నలుగురికీ వినపడేలా.

ఏసుపాదం నోరు తెరిచాడు. తనకు ముట్టింది రూపాయిన్నరే. జానయ్య కళ్లు చూసి నోరు మూసుకున్నాడు. అర్ధరూపాయి గొప్ప కోసం వాడన్న ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే, సైదమ్మ కొంగు ముడి విప్పి రెండు రూపాయలు వాడి ముందు పెట్టింది.

"ఇగో. ధర జెప్పినవ్, పైకం తీస్కో. చెప్పులు మేం కొనుక్కున్నం."

జానయ్య చేతులు వెనక్కి తీసుకున్నాడు. "నేనెప్పుడమ్మిన? పండగకు పెట్టిన!"

"ఊకె పెడితె ధరెందుకు జెప్పినవ్? పంతులూ, నువ్వు జెప్పు. గీ ఏసుపాదం కాడ ఊరంత చెప్పులు కొంటది. అందరు ఆయనకు జీతమున్నరా? బావ గూడ కొన్నడు. బావ ఏసుపాదానికి జీతమున్నడా?"

ఈసారి ఒకరు కాదు, అందరూ నవ్వారు. బాకీ ఉన్నవాళ్లు కూడా. నవ్వితే వడ్డీ పెరగదని వాళ్లకు అప్పుడే తెలిసినట్టుంది. అబ్రహాం లేచి నిలబడ్డాడు.

"నాలుగేండ్ల కింద ఒక్క మాట రాయక తప్పు జేసిన జానయ్యా. ఇయ్యాల గా ఒక్క మాట అంట. ఊకె ఇచ్చిన చెప్పులకు జీతం. ధర జెప్పి పైకం ముట్టిన చెప్పులకు జీతం లేదు. ధర నువ్వే జెప్పినవ్. పైకం నీ ముందల్నే ఉన్నది. రూపాయికి రూపాయే."

జానయ్య లేచి తమ్ముణ్ని పట్టుకోబోయాడు. "నా ఇంట్ల తిని నా మీదికొస్తవా! రేపటి సంది నా గడప దొక్కితె కాళ్లిరగ్గొడ్త!" అని అరిచాడు. లోపలి నుంచి లచ్చమ్మ శాపనార్థాలు అందుకుంది. "నీ గడప తొక్కకుండ ఉండేతందుకే గద నేను ఏడు నెలలు సచ్చింది," అంది సైదమ్మ. ఆ రెండు రూపాయలు అరుగు మీదే ఉన్నాయి. ఎంత కోపమొచ్చినా జానయ్య వాటిని విసిరికొట్టలేదు.

ఇద్దరూ వీధిలోకి వచ్చారు. సైదమ్మ ముందు నడుస్తోంది. నాలుగడుగులు వేశాక వెనక కిర్రు చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే మల్సూరు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కళ్లనిండా నీళ్లు.

"నాకొద్దు సైదీ. వీటిని సూస్తెనే ఒళ్లు మండుతున్నది. పారేస్త."

"పారేస్తవా? రెండు రూపాయిలు! నేను మూడు దినాలు ఒంగి కాయలేరితె వచ్చినయవి. తొడుక్కో."

ఆయన కదల్లేదు. ఆమె దగ్గరికొచ్చి, చెప్పులు గుంజుకుని ఆయన కాళ్ల ముందు నేల మీద పడేసింది. బావ వినకున్నా సరే, ఆ వీధిలో అరుగుల మీద కూర్చున్నవాళ్లంతా వినేలా గొంతు పెంచింది.

"ఉగాది నాడు నేనిస్తున్న చెప్పులు గివి. ఊరంత సూస్తున్నది. మల్ల ఉగాది దాక నువ్వు నాకు జీతం."

మల్సూరు చెప్పుల వైపు చూశాడు. ఆమె కాళ్ల వైపు చూశాడు. మిర్యాలగూడ దాకా పోయి వచ్చిన ఆ కాళ్లకు చెప్పులు లేవు. పగుళ్లలో మట్టి, నెత్తురు గడ్డకట్టి ఉన్నాయి. నాలుగేళ్లుగా జీతమన్న మాటే ఎత్తనివాడు, కాళ్లు చెప్పుల్లో దూర్చుకుంటూ మెల్లగా అడిగాడు.

"జీతమేమిస్తవ్?"

"తిట్లు," అంది సైదమ్మ. "ఏడు నెలలవి జమయినయి. నడువ్."